సొట్ట

మూర్ నది పక్కన, కొండ ఎక్కే దారిలో
నోట్‌బుర్గా స్టైన్‌వెండర్ గొడ్లపాక.
గోడ మేకు నుంచి దించి
నా చేతుల్లో పెట్టింది ఒక ఎదపలక.
మూడు తరాలుగా కోళ్లకు దాణా తట్ట అట.

నవ్వకండి.
ఇనుముకి నామోషీ ఉండదు.

నేను పళ్లు కట్టేవాణ్ని. ముప్పయ్యారేళ్లు
లింజ్‌లో పరాయి నోళ్ల కొలతలు తీసి
మైనంలో దించి, లోహంలో పోసి
నమిలి చూసుకోండి అన్నవాణ్ని.
ఇప్పుడూ అదే చిన్నద్దం, అదే కొక్కెం.
నోరు మాత్రం వేరు.

పాత కవచం ఎవరు చూపించినా
ముందు తిరగేస్తాను.
మెరుగు పెట్టిన వైపు
పెళ్లిళ్ల పేరయ్యలా అందరితోనూ మాట్లాడుతుంది.
లోపలివైపు నల్లగా, మొరటుగా
అడిగితేనే చెబుతుంది.

లోపల సుత్తి దెబ్బలు,
వాన మొదలైన మొదటి నిమిషంలో
దుమ్ములో పడ్డ చినుకుల గుంటల్లా
ఒకదాని అంచు తొక్కుతూ ఇంకొకటి.
యంత్రం ఇలా తడబడదు.
కాలిపర్ పెట్టాను: నడుమ నాలుగున్నర మిల్లీమీటర్లు,
పక్కలకు మూడు, చంకల దగ్గర రెండూ లేదు.
బరువు ఎక్కడ మోయించాలో
ఎక్కడ జాలి పడాలో తెలిసిన కమ్మరి.

మెడ అంచు చుట్టిన మడతలోకి అద్దం దూర్చాను.
మడతలో తీగ. తీగ పక్కన
ఎండిన రెట్ట, ఒక మొక్కజొన్న గింజ.
తుప్పు దాదాపు నలుపు. గోరుకి రాలదు.
యాసిడ్ పోసి తెప్పించిన ముసలితనమైతే
ఎర్రగా, ఆత్రంగా వేలికి అంటుకుంటుంది.
అలాంటిది నా ఇంట్లోనూ ఒకటుంది,
రెండు నెలల పింఛను పోసి కొన్నది.
వంటగదిలో వేలాడదీశాను,
నా తెలివి మీద నాకు మరీ నమ్మకం కుదిరిన రోజున
కాఫీ తాగుతూ చూసుకోవడానికి.

ఇక సొట్ట.
కుడి రొమ్ముకి కాస్త పైన, బొటనవేలు సరిగ్గా పట్టేంత.
నోట్‌బుర్గా వేలు పెట్టి చూపించింది.
"టర్కీ సిపాయి గుండు. మా తాత చెప్పేవాడు.
వేసుకున్నవాడు ఆ పూటే పోయాడు. యోడోక్."
పేరు కూడా ఉంది.
చిన్నప్పుడు కోళ్లకి గింజలు చల్లేటప్పుడు
యోడోక్ వాటా ఒక గుప్పెడు
గడప పక్కన విడిగా పోసేదట.

భూతద్దం పెట్టాను.
పలక చిట్లలేదు. వెనక చిన్న ఉబ్బు, అంతే.
వేలెడు దూరంలో కమ్మరి ముద్ర,
అరిగిపోయిన ఏదో జంతువు, తోక మాత్రం మిగిలింది.
పలక చల్లారాక, నునుపు తేలాక
చేసినవాడే దాన్ని దుంగకి కట్టి
తుపాకీ పేల్చి చూసేవాడు.
ఆగిందా, అమ్మకం.
ఆగలేదా, మళ్లీ కొలిమి.
ఇది గాయం కాదు. పూచీకత్తు.
ఈ గుండు తగిలినప్పుడు లోపల
యోడోక్ లేనే లేడు.

చెప్పాలా?
చెబితే ధర పెరుగుతుంది, నష్టం నాకే.
చెబితే ఆ గడప పక్కన గుప్పెడు
ఎవరిదవుతుంది?

చెప్పాను.
పళ్ల విషయంలోనూ నేను అబద్ధమాడలేదు,
ఒకటి రెండుసార్లు తప్ప.

చాలాసేపు తిప్పి తిప్పి చూసింది.
సొట్టలో వేలు పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.
"అయితే బతికాడన్నమాట," అంది.

బతికాడని నేననలేదు.
ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ధర ఊసెత్తకుండా
మూలనున్న సంచిలోంచి దాణా ముంచుకుని
పలకని పసిబిడ్డలా నడుముకి ఆనించుకుని
వాకిట్లోకి నడిచింది.
కోళ్లు ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి.

గడప దగ్గర ఆగి
ఒక గుప్పెడు తీసింది.
కిందికి పొయ్యలేదు. తిరిగి తట్టలో వెయ్యలేదు.
అలాగే పట్టుకుని నిలబడింది.

నేను అద్దం తుడుచుకుంటున్నాను,
అది ఎప్పుడో శుభ్రమైపోయినా.